పెదవి అంటిన చోట

ఒక పాత సినిమాకి ఎడిటింగ్ చేసింది తానేనని అమ్మమ్మ పోయేదాకా చెప్పింది. తెర మీద మాత్రం నిర్మాతగారి బావమరిది పేరుంది. “అమ్మ కోసింది సినిమా కాదే, కోతలు!” అని మావయ్య ఇప్పటికీ నవ్వుతాడు. ఎడిటింగ్ గదుల్లో పనిచేసిన ఆడవాళ్ల చరిత్ర రాస్తున్న నాకు ఆ నవ్వు ముల్లులా గుచ్చుకునేది. నిజంగానే కోతలైతే?

ఆ రాత్రి ఫిల్ములు దాచే భవనంలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ సినిమా రీలు చేత్తో తిప్పుతుంటే చక్రం కిర్రుమంటోంది. ఆపితే నా ఊపిరే నాకు వినిపిస్తోంది. రెండు ముక్కలు కలిపిన మొదటి అతుకు దగ్గర, ఫిల్ము అంచున చిన్న మరక కనిపించింది. భూతద్దం పెట్టి చూస్తే పెదవి ముద్ర. మధ్యలో నొక్కు. చిన్నప్పుడు మెట్ల మీద పడి చీలిన అమ్మమ్మ పై పెదవి అది.

ఫిల్ముకి బొమ్మ పడే మందు పూసిన వైపు ఏదో తెలియాలంటే పెదవికి ఆనించాలనీ, అంటుకుంటే అదేననీ ఆమె చెప్పేది. తిప్పుతూ పోయాను. ప్రతి అతుకు దగ్గరా అదే నొక్కు. గుండెల మీంచి బరువు దిగిపోయింది.

“కోతలు కాదు మావయ్యా,” అని పైకే అనేశాను.

చివరి అతుకు దగ్గర ముద్ర ఇంకా తడిగా ఉంది.

ఫిల్మును చటుక్కున లాగాను. అతుకు ఊడి ఫిల్ము రెండు ముక్కలైంది. ఏ వైపు అతికించాలో తోచక, ఎందుకో, ఒక కొసను చీకట్లోకి చాచాను. అది మెల్లగా బిగిసింది. తర్వాత పెదవి విడివడిన చప్పుడు, చిన్నగా.

కొస నా వేళ్లలోకి తిరిగొచ్చింది, సరైన వైపుకి తిరిగి.

హమ్మయ్య అనుకుని జిగురు సీసా మూత తీశాను.