గుడ్డ సంచిలో పొట్లకాయ

"శుక్రారం నేను కోసే పొట్లకాయ ఒక కొస మా పొయ్యి మీదుంటే, ఇంకో కొస నయాపూల్ కాడ తరుగుతుంటరు సూడున్రి," అని కిషన్‌బాగ్ గల్లీ అంతటా చాటుకున్నాడు పాల ఎల్లయ్య. తీరా శ్రావణ శుక్రవారం తెల్లారేసరికి పందిరి కింద కాయా లేదు, దాని మీద తొడిగిన గుడ్డ సంచీ లేదు.

ఎల్లయ్య భార్య రాజమణి చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ ఏడు వానలు పడ్డ దగ్గర్నుంచీ పెరడు ఆమెను మురిపిస్తూనే ఉంది. తొలి బెండకాయలు పులుసు పెట్టిన పూట మొగుడూ పెళ్లాం మాట్లాడుకోవడం కూడా మరిచి తిన్నారు. గోడ పొడుగునా చంద్రకాంత పూలు విరగబూశాయి. పొట్లతీగ మాత్రం సాయంత్రం కాగానే తెల్లటి నూలుపోగుల్లాంటి పూలు పూసేది, పొద్దుటికి రాల్చేసేది. రాజమణి వాటిని ఊడ్చి పారబోసేది. అన్ని పూలలో ఒక్క కాయ నిలిచిందన్న కబురు తెచ్చింది ఎల్లయ్యే.

"వేలు చూపిస్తే పిందె కుళ్లుతది. దిష్టి తగుల్తది. నువ్వు గూడ దగ్గరికి పోకు," అని, పాత ధోతి ముక్కతో పొడుగాటి సంచి కుట్టించి తానే తొడిగాడు. వంకర పోకుండా సంచి లోపలే కొసన రాయి వేలాడదీశాడు. పొట్లకాయకు అది అందరూ చేసేదే. నాలుగు రోజులకే సంచి విప్పుకొచ్చి, "సంచి చాల్తలేదే," అన్నాడు. రాజమణి సంబరంగా ఇంకో ముక్క అతికింది. మళ్లీ చాల్లేదంటే మళ్లీ అతికింది. అమ్మవారి ముందు పెట్టి, గల్లీలో ఇంటింటికీ తలా ముక్క పంచుతానని అందరికీ చెప్పుకుంది.

ఇప్పుడు ఎవరి ముందు తలెత్తాలి?

పందిరికి సంచి కట్టిన దారం తెగలేదు, ముడి విప్పి ఉంది. రాయి మాత్రం పెరటి గదిలో అద్దెకుండే రఘునాథ్ గడప పక్కన దొరికింది.

"కోతి పని," అన్నాడు ఎల్లయ్య పాలచెంబు తోముతూ.

"కోతి ముడి ఇప్పుతదా?"

"పట్నం కోతులు మస్తు హుషారుంటయే. మొన్న ఒకటి నా పాలు తాగి, నీళ్లెక్కువైనయని మూతి తిప్పుకుంట పోయింది."

"నీ కతలు బంద్ పెట్టు."

అప్పుడే రఘునాథ్ గదిలోంచి నువ్వులపొడి వేసిన కూర వాసన తేలి వచ్చింది. రాజమణి కొంగు దోపుకుని ఆ గడప ముందుకు పోయింది.

"సులోచనమ్మా, ఏం కూర?"

"బీరకాయ, అక్కా," అంది రఘునాథ్ భార్య సులోచన.

"తొక్కలేవి?"

"మీ బర్రెకే వేసిన."

రాజమణి బర్రె వైపు చూసింది. అది తాపీగా నెమరు వేస్తోంది. సాక్ష్యం చెప్పే ఉద్దేశం దానికి ఉన్నట్టు లేదు.

"మరి రాయి నడుసుకుంట మీ గడప కాడికి వచ్చిందా?"

సులోచన ఏదో చెప్పబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గిన్నెలు తోమే జాలారు దగ్గరికి పరుగెత్తింది. వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది.

తిన్న దొంగకూర లోపల నిలుస్తలేదు, అనుకుంది రాజమణి. గట్టిగా అంది, "రఘునాథ్ సారూ, పొద్దుగూకేలోపు టాంగా మాట్లాడుకోండి. నా ఇంటి తొలి కాయ దొంగిలినోళ్లు నా కప్పు కింద ఉండద్దు."

"ఒక్క కాయకు గింత లొల్లెందుకే, పోనియ్," అన్నాడు ఎల్లయ్య.

"నువ్వూకో. నీకందరు మంచోళ్లే."

కచేరీలో కొలువుకు బయల్దేరబోతున్న రఘునాథ్ గుండీలు పెట్టుకోవడం ఆపాడు. జాలారు దగ్గర గోడ పట్టుకుని నిలబడ్డ భార్యను చూశాడు. ముసురు పట్టిన ఆకాశం వంక చూశాడు.

"నేనే తెంపిన, అక్కా."

"మీరెప్పుడు..." అనబోయింది సులోచన. అతను కంటిచూపుతోనే ఆపాడు.

"ఈమెకు నెల తప్పింది. పొట్లకాయ మీద మనసైందన్నది. అడగనీకె మొకం చెల్లలే. బీరకాయని చెప్పమన్నది గూడ నేనే."

రాజమణి చేతిలో చీపురు మెల్లగా కిందికి దిగింది.

"కడుపుతోనున్న పిల్లకు గాకుంటే తొలి కాయ ఇంకెవరికి సారూ? ఒక్క మాటంటే నేనే కోసియ్యకపోదునా?" అంతలోనే ఉండబట్టలేక అడిగింది. "కాయ ఎట్లున్నది?"

"లేతది. వెన్న లెక్క కరిగింది."

"గింజలు?"

"పాలగింజలు అక్కా. నములుతుంటె పండ్ల కింద తెల్వనే లేదు."

"మా బర్రెల ఎరువు మరి," అంది రాజమణి, మొహం చేటంత చేసుకుని. "టాంగా లేదు, గీంగా లేదు. కానుపు దాకా ఈడనే ఉండున్రి."

ఎల్లయ్య చెంబు తోమడం మానేసి, నోరు తెరుచుకుని రఘునాథ్‌నే చూస్తున్నాడు.

సులోచనకు చెంబెడు పాలు పట్టుకుని రాజమణి వాళ్ల గదిలోకి పోయేసరికి, ఎల్లయ్య పందిరి కింద రఘునాథ్ భుజం మీద చెయ్యేసి ఉన్నాడు. పచ్చిగడ్డి మోపు అడుగున దాచిన గుడ్డ సంచి రెండో చేతిలో ఉంది. కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వుతున్నాడు.

"కాయ రుచి మస్తు చెప్పిన్రు సారూ. ఈ గల్లీల నన్ను మించినోడు లేడనుకున్న ఇన్నొద్దులు."

"ఏమైంది అన్నా?" అన్నాడు రఘునాథ్ తడబడుతూ.

"గీ సంచిల రాయి దప్ప కాయ ఎన్నడు లేకుండె."