డెబ్బై అయిదు గుర్రాలు

కిటికీలోంచి ఇంజన్ని చూసి మైపాడు బస్సు దిగిన ముసలాయన నేరుగా రొయ్యల గుంట గట్టు మీదికి వచ్చి ఇంజన్ ముందు నిలబడిపోయాడు.

అది పాత కారు ఇంజన్. హెబ్రోను దాన్ని మద్రాసు తుక్కులో కొని, కడిగి, ఆకుపచ్చ రంగేసి, అక్క ప్రేమలీల గుంటకు బిగించాడు. కరెంటు పోతే ఏరేటర్లను అదే తిప్పాలి. ఆ చక్రాలు తిరిగి నీళ్లలో గాలి కలపకపోతే రొయ్యలు ఊపిరాడక చచ్చిపోతాయి.

ప్రేమలీలకు ఇది మొదటి పంట. ఊళ్లో వద్దన్నవాళ్లే ఎక్కువ. తమ్ముడి మాట మీద వేసింది.

"ఎన్ని చక్రాలు నాయనా?" అన్నాడు ముసలాయన.

"ముప్పై. ఒక్కోదానికి రెండు గుర్రాల బలం కావాల. ఇది డెబ్బై అయిదు గుర్రాల ఇంజను. ఇంకా పదిహేను మిగల్తాయి."

హెబ్రోను కారుతో పాటు వచ్చిన పాత బుక్కు తీసి చూపించాడు. డెబ్బై అయిదని లావు అక్షరాల్లో అచ్చేసి ఉంది.

"అది ఒట్టి ఇంజను లెక్క. ఫ్యాను, డైనమో, సైలెన్సరు అన్నీ పీకేసి, బల్లకు బిగించి, కాసేపు లాగించి చూసింది. ఆ కాలంలో అందరూ అట్లానే అచ్చేసేవాళ్లు. అన్నీ తగిలించి గంటల తరబడి నడిపితే నలభై. పద్దెనిమిది చక్రాలకు మించొద్దు."

"నిన్న పది నిమిషాలు నడిపి చూసినాం. బ్రహ్మాండంగా పోయింది."

"పది నిమిషాలయితే నేనూ పరిగెత్తతా."

గట్టు మీద కూలీలు నవ్వారు. హెబ్రోనుకు ఒళ్లు మండింది. అసలే అతని నోటికి బ్రేకులు లేవు.

"బుక్కు రాసినోళ్లకన్నా నీకెక్కువ తెలుసునా తాతా?"

"వాళ్లకీ తెలుసు నాయనా."

ముసలాయన ఇంజన్ పైమూత మీద చెయ్యి ఆనించాడు.

"ఈ మూత ఎప్పుడైనా తీసినావా?"

"బాగా నడిచే ఇంజన్ని ఎవడైనా విప్పతాడా?"

"ఒక్కసారి తీసి చూడు."

"చూస్తాలే. ముందు నీ బస్సు పోతా ఉండాది, చూసుకో."

ముసలాయన బెల్టు గుర్తులకు హెబ్రోను పెట్టుకున్న సుద్దముక్క తీసుకుని, మూత మీద ఏదో రాసి, కింద అడ్డగీత గీసి వెళ్లిపోయాడు.

౪౦.

"ఏంది అక్కా ఈ వంకర్లు?"

"నలభైరా. అమ్మ పాత బైబిల్లో ఈ తెలుగు అంకెలే గదా ఉండేది." అంది ప్రేమలీల. "పెద్దాయన అంతగా చెప్పినాడు. కొన్ని చక్రాలు తీసేద్దాంరా."

"దోవన పోయే ప్రతివాడి మాటా వింటే పంట పండినట్టే."

హెబ్రోను నూనెగుడ్డతో ఆ అంకెలు తుడిచేశాడు.

నాలుగో రోజు మబ్బు పట్టింది. తెల్లవారుతుండగా కరెంటు పోయింది. రొయ్యలు గట్టువారకు చేరి పైకి తేలసాగాయి.

హెబ్రోను ఇంజన్ వేశాడు. ముప్పై చక్రాలూ తిరిగాయి.

"చూసినావా అక్కా?"

అరగంటకు ఇంజన్ గొంతు మారింది. చక్రాలు నీరసించాయి. ప్రేమలీల "సగం ఆపరా" అని పరిగెత్తుకొచ్చింది. బుక్కులో అంకె ఉంది కదా అని అతను రేసు ఇంకా పెంచాడు. రేడియేటరు ఉడికింది. ఇంజన్ పట్టేసింది.

కరెంటు పది గంటలకు వచ్చింది. అప్పటికి వల వేస్తే చచ్చినవే వచ్చాయి.

ప్రేమలీల తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననుకున్నాడు హెబ్రోను.

"ఆ పెద్దాయన పేరేందిరా?"

"అడగలేదక్కా."

"మంచినీళ్లన్నా ఇచ్చినామా?"

అతను సిగ్గుతో చచ్చిపోయాడు. ఆమె గట్టు దిగి వెళ్లింది.

సాయంత్రం ఇంజన్ విప్పడానికి కూచున్నాడు. ముందు పైమూత తీసి వెల్లకిలా పెట్టాడు. లోపలంతా మడ్డి నూనె. వేలికేదో గరుగ్గా తగిలింది.

అదే నూనెగుడ్డతో తుడిచాడు.

ఉలితో సన్నగా కొట్టిన రెండు అంకెలు. ౪౦. కింద అదే అడ్డగీత.

యాభై ఏళ్ల కిందట కార్ల ఫ్యాక్టరీలో ఆ ఇంజన్‌ని మొట్టమొదట నడిపించి, కొలిచి, అచ్చుకెక్కని నిజాన్ని మూత కింద రాసిపెట్టిన మనిషినే తను బస్సు చూసుకోమన్నాడు.