శౌరమ్మ మొక్కు

“ఇయ్యాల ఏం తినొచ్చారు అమ్మాయిగారూ?”

ఆసుపత్రి వరండా బల్ల మీద కూర్చున్న సుబ్బరత్నం తలతిప్పి చూసింది.

యాభై ఏళ్ళ మనిషి. నున్నటి గుండు, మెడలో సిలువ, ఒళ్ళో సత్తు డబ్బా.

“ఎవరమ్మా నువ్వు?”

“శౌరమ్మనండి. ఆరు ఇంజెక్షన్లూ అయిపోయినయ్యి. ముందు అడిగినదానికి చెప్పండి.”

“అన్నం, గుత్తి వంకాయ కూర.”

“మీకిష్టమా?”

“ప్రాణం.”

“ఎంత పని చేశారండీ. ఇంజెక్షన్ రోజున ఇష్టమైంది తినకూడదు. ఇక జన్మలో వంకాయ ముట్టరు.”

సుబ్బరత్నానికి ఒళ్ళు మండింది. రొమ్ములో పుట్టిన కాన్సరుకి మద్రాసులో ఆపరేషన్ చేయించుకుని, ఇంజెక్షన్ల కోసం పామర్రు నుంచి బెజవాడ వచ్చిన మనిషితో మాట్లాడే మాటేనా ఇది?

ఆ సాయంత్రం బస్సులో మొదలైన వాంతులు మూడు రోజులు ఆగలేదు. నాలుగోనాడు పెరట్లో వంగ మొక్క కనపడితేనే కడుపులో తిప్పింది.

శౌరమ్మ మాట నిజమైనందుకు ఆమె మీద కోపం ఇంకాస్త పెరిగింది. మనుషుల సంగతి అంతే కదా.

మూడు వారాలకి రెండో ఇంజెక్షన్. శౌరమ్మ అదే బల్ల మీద తయారు.

“ఎండు ఉసిరి ముక్కండి. కడుపులో తిప్పినప్పుడు బుగ్గన పెట్టుకోండి. నోరు పూస్తే ఐసుముక్క చప్పరించండి.”

కాదనలేక తీసుకుని కొంగున ముడేసుకుంది గాని, ఆమె చేతిది తినే ఉద్దేశం సుబ్బరత్నానికి లేదు. వాళ్ళెవరో, తామెవరో.

ఉయ్యూరు దాటాక నోట్లో ఇనప తుప్పు రుచి మొదలైంది. చుట్టూ చూసి, ముడి విప్పి, ముక్క నోట్లో వేసుకుంది.

పామర్రు దాకా కడుపు కదల్లేదు.

మూడోసారి వచ్చినప్పుడు సుబ్బరత్నం తలమీద ముసుగు తియ్యలేదు. నడుం దాటే జడ, నాలుగు రోజులుగా దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వచ్చేస్తోంది.

“ఇంటికి పోదాం పదండి,” అంది భర్తతో. “నాకీ ఇంజెక్షన్లొద్దు.”

“మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుందని డాక్టరుగారు చెప్పలా?” అన్నాడు వెంకటకృష్ణారావు.

“తిరగబెడితే పోతాను. గర్భసంచి ఆపరేషన్ అని ఊరంతా చెప్పుకున్నాం. ఈ తల చూశాక ఎవరు నమ్ముతారు? కాన్సరుదాన్నని ఒక్కళ్ళూ మన గడప తొక్కరు.”

ఆయన పైపంచెతో కళ్ళొత్తుకుని సంచీ తీసుకున్నాడు.

శౌరమ్మ లేచి దారికి అడ్డం నిలబడింది.

“ఊడితే జబ్బంటారండి. తీయిస్తే మొక్కంటారు.”

సుబ్బరత్నం ఆగింది.

“దుర్గమ్మ కొండ ఎంత దూరమండి? రిక్షా ఎక్కితే పావుగంట. తలనీలాలిచ్చి, గంధం రాసుకుని వచ్చి ఇంజెక్షన్ చేయించుకోండి. ఊళ్ళో ఎవురన్నా నోరెత్తుతారేమో నేనూ చూస్తాను.”

“చెప్పటానికేం, చెబుతావు.”

శౌరమ్మ వంగి, సుబ్బరత్నం చెయ్యి పట్టుకుని తన గుండు మీద పెట్టుకుంది.

“చూడండి. ఆరూ అయిన తల ఇది. నేను పోయానా?”

తల వెచ్చగా ఉంది. అప్పుడే మొలుస్తున్న వెంట్రుకలు అరచేతికి గరుగ్గా తగిలాయి.

ఆరూ అయ్యాక కూడా మనిషి బతికే ఉంది. సుబ్బరత్నానికి ఇంకే డాక్టరు మాటా అక్కర్లేకపోయింది.

“అన్నీ అయిపోతే నీ జుట్టింకా పెరగలేదేం?” అని మాత్రం అడిగింది.

“గుణదల మాతకి మళ్ళీ మొక్కుకున్నానండి. నా గోల మీకెందుకు, ముందు రిక్షా ఎక్కండి.”

ఎక్కింది.

పామర్రులో బస్సు దిగగానే ఎదురింటి మాణిక్యమ్మ గుండు చూసి చేతులు జోడించింది. “దుర్గమ్మకిచ్చావా రత్తం? మంచిపని చేశావు.”

సుబ్బరత్నం ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుని, ఎన్నాళ్ళ తర్వాతో, పకపకా నవ్వింది.

నాలుగు, అయిదు, ఆరు. ప్రతిసారీ బల్ల మీద శౌరమ్మ ఉంది, డబ్బాలో ఉసిరి ముక్క ఉంది. ఎంత ఓపికమ్మా ఈమెకి అనుకునేది సుబ్బరత్నం. పైకి ఒక్కసారీ అనలేదు.

ఆర్నెల్ల తర్వాత పరీక్షకి వచ్చింది. జబ్బు జాడ లేదన్నారు. తలమీద రెండు వేళ్ళ ఎత్తున నల్లటి జుట్టు.

చేతిలో క్యారియర్. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మరీ వండిన గుత్తి వంకాయ కూర అందులో ఉంది. శౌరమ్మని పక్కన కూర్చోబెట్టుకుని తినిపించాలని తెచ్చింది.

బల్ల ఖాళీగా ఉంది.

“శౌరమ్మ రాలేదా సిస్టరుగారూ?”

నర్సు తెరేసమ్మ చేతిలో పని ఆపింది. “పోయి పది రోజులైందండి. రెండ్రోజులు జ్వరం, అంతే.”

సుబ్బరత్నం బల్ల మీద కూలబడింది. కళ్ళు నిండిపోయాయి. “పాపిష్టి జబ్బు. తిరగబెట్టిందన్నమాట.”

“ఏ జబ్బండీ?”

“ఆరు ఇంజెక్షన్లు చేయించుకుందిగా?”

“ఆమెకే జబ్బూ లేదండి. ఇంజెక్షన్లు వాళ్ళమ్మాయి అమలకి. రెండయ్యాక జుట్టు ఊడిందని సిగ్గుపడి ఇంటికెళ్ళిపోయింది. తల్లి కాళ్ళు పట్టుకున్నా రాలేదు. ఏడాది తిరక్కుండానే ఆ పిల్ల పోయింది.”

సుబ్బరత్నం తన అరచేతిని చూసుకుంది.

“మరి ఆ గుండు? నేను చేత్తో పట్టుకుని చూశాను.”

తెరేసమ్మ బల్లకేసి చూస్తూ అంది.

“పదిహేను రోజులకోసారి గుణదల వెళ్ళి తీయించుకొచ్చేదండి, మీలాంటివాళ్ళు నమ్మాలని.”