పది వేళ్ళకూ దారాలు

హెడ్విగ్‌కు ఈ లోకంలో ఒక్కటే భయం. ఊపిరి ఉండగానే భర్తను మట్టిలో పెట్టేస్తారేమోనని.

ఆల్బిన్‌కు వచ్చే మూర్ఛలు అలాంటివి. ఒళ్ళు మంచుగడ్డయిపోతుంది. నాడి అందదు. పోయాడనుకుని ఆమె ఏడుపు అందుకునేలోపు లేచి, ఏమీ జరగనట్టు పియానో ముందు కూర్చుంటాడు. నిన్న మధ్యాహ్నం పడిపోయినవాడు మాత్రం సాయంత్రమైనా లేవలేదు. ఊరంతా కలరా. డాక్టరు గుమ్మంలో నిలబడే చూసి "అయిపోయిందమ్మా" అన్నాడు. ఆమె కాళ్ళావేళ్ళా పడితే, వెంటనే పూడ్చకుండా శవశాలకు పంపించాడు. అక్కడ పడుకోబెట్టినవాళ్ళ పది వేళ్ళకూ దారాలు కట్టి, ఆ కొసలు కావలివాడి గదిలో ఎవరి గంటకు వాళ్ళవి తగిలిస్తారు. ప్రాణముండి వేలు కదిలితే గంట మోగాలి.

చంటిపిల్ల తల్లిని లోపలికి రానివ్వరు. అందుకని పొద్దున్నే పిల్లను చంకనేసుకుని వచ్చి, కావలి గది కిటికీ దగ్గర నిలబడింది.

"తాతా, మా ఆయన..."

కావలి క్రిస్పిన్ వేడి బీరు చారులో రొట్టె ముంచుకు తింటున్నాడు. "ఏ ఆయనమ్మా? లోపల ఆయనలకేం కొదవ?"

"ఆల్బిన్ రీడెల్. సంగీతం రాస్తారు."

"ఓహో, ఆయనా! మా అల్లుడు థియేటర్లో దీపాలు వెలిగిస్తాడులే, చెప్పాడు. పాట నడక కుంటుతోందని జనం కాళ్ళు నేలకేసి కొట్టి మరీ నవ్వారటగా!"

హెడ్విగ్‌కు ఆ మాట కొత్త కాదు. పాటలు అచ్చువేసేవాళ్ళూ అదే అన్నారు, ఆ కుంటు సరిచేసి తెమ్మని. ఆల్బిన్ వినలేదు. "గుండె మాత్రం తిన్నగా కొట్టుకుంటుందా ఏంటి?" అనేవాడు.

చంకలో థెక్లా గుక్కపట్టింది. నిన్నటినుంచీ అదే ఏడుపు. తండ్రి ఉయ్యాల అంచు మీద వేళ్ళతో దరువేస్తూ జోల పాడితే తప్ప ఊరుకోని పిల్ల. ఆ దరువు తల్లికి పట్టుబడలేదు. ఎన్నిసార్లు కొట్టినా వేళ్ళు తడబడేవి.

"ఎలా ఉన్నారు తాతా?"

"ఉండటమేంటి తల్లీ? తెల్లారుతూనే బండెక్కించేశాం. కొత్తవాళ్ళకి చోటు చాలొద్దూ? ఈపాటికి మట్టి కూడా వేసుంటారు."

ఆమె కిటికీ ఊచ పట్టుకుంది. "గంట... గంట మోగలేదు కదా?"

"మోగకేం? అందరికీ మోగుతుంది. శవం ఉబ్బితే వేళ్ళు వాటంతటవే దారం లాగుతాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మోగినప్పుడల్లా పరిగెత్తేవాణ్ణి. ఒక్కడైనా లేచి దణ్ణం పెడితే ఒట్టు!"

"మరి వెళ్ళి చూశారా?"

"చూడకుండా ఉంటానా? మొదటిసారి మోగగానే వెళ్ళా. ముక్కు దగ్గర అద్దం పెట్టా. ఆవిరి లేదు, అలికిడి లేదు. నీ మనసులో ఏమీ పెట్టుకోకు."

హెడ్విగ్ శాలువా కొసతో కళ్ళు తుడుచుకుంది. అద్దం పెట్టి చూశారు. అయితే పోయినవాడే. దుఃఖం పొంగుకొచ్చింది కానీ, ఇన్నేళ్ళుగా గొంతు నొక్కుతున్న ఆ భయం మాత్రం పట్టు వదిలింది.

థెక్లా ఏడుపు ఇంకా పెద్దదైంది.

"ఆ పిల్లకి ఏదైనా పట్టు తల్లీ, చెవులు చిల్లులు పడుతున్నాయి," అని క్రిస్పిన్ విసుక్కున్నాడు. "అసలే నిన్న రాత్రి మీ ఆయన కునుకు పట్టనివ్వలేదు. మిగతావాళ్ళ గంటలు బుద్ధిగా టంగుమని ఒకసారి మోగి ఊరుకుంటాయి. ఈయనది అలా కాదే! కుంటివాడు మెట్లెక్కుతున్నట్టు ఒకటే వరస. ఆగుతుంది, మళ్ళీ మొదలు. విని విని, చివరికి గంటకి గుడ్డ చుట్టి పడుకున్నా."

"వరసేంటి తాతా?"

"ఇదిగో, ఇలా," అంటూ చేతిలోని చెంచాతో బల్ల మీద కొట్టి చూపించాడు. టక్ టక్ టక్... టక్... టక్ టక్.

థెక్లా చప్పున ఏడుపాపింది. తండ్రి ఎక్కడున్నాడా అని కిటికీలోకి తొంగిచూసి, బోసినోటితో నవ్వింది.

శ్మశానం ఊరికి ఆ చివర ఉంది. హెడ్విగ్ పరిగెత్తుతోంది కానీ, చంకలో పిల్ల ఉంది. మీలో ఎవరి కాళ్ళలోనైనా సత్తువుంటే, కాస్త ఆమెకంటే ముందు వెళ్ళి ఆయన్ను చూడండి.