ఊడిపోయే ముడి

వాగు ఒడ్డున ఈతచెట్టు మీద ఉండే గిజిగాళ్లు, అన్నదమ్ములిద్దరూ, తమ కొడుకుల్ని కొంగ మాస్టారి బడికి పంపకుండా గూడు అల్లడం ఇంట్లోనే నేర్పారు. కొడుకు ముడి తప్పితే అన్న చటుక్కున విప్పి తనే బిగించేవాడు. తమ్ముడు మాత్రం తన కొడుకు ముడి తప్పినా నోరు మెదపకుండా పక్కనే కూర్చునేవాడు. గూడు వాగులో పడ్డాక, "ఎక్కడ జారిందిరా?" అని అడిగేవాడు, అంతే. ఆ ఓర్పుకి దణ్ణం పెట్టాలి!

పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఒక గాలివానకి ఇద్దరి గూళ్లూ కొట్టుకుపోయాయి. అన్న కొడుకు దిగాలుగా నాన్న కోసం చూస్తున్నాడు. తమ్ముడి కొడుకు గడ్డిపరక తెచ్చి అతని ముందు పెట్టాడు.

"నేను ముడేస్తే ఊడిపోతుందిరా."

"ఊడనీ అన్నయ్యా. నేనిక్కడే కూర్చుంటా."

కొడుక్కి సాయంగా రెక్క విప్పిన అన్న ఆ మాట విని ఆగాడు. వెళ్లి తన తమ్ముడి పక్కన నోరు మెదపకుండా కూర్చున్నాడు.