రసమట్టం పాఠం

ఆ ఉదయం కూలీల అడ్డా మీదికి వచ్చేసరికి చేతికింది మనిషి పెట్టుబడి అంతా కలిపితే ఒక తట్ట, ఒక రసమట్టం, ఒకటిన్నర కాలు. పరంజా మీంచి పడ్డప్పటి నుంచి ఎడమ కాలు సగానికే లెక్క. వీటికి తోడు అతని భుజం మీద తాపీ మేస్త్రి చెయ్యి. "కుంటివాడికి ఆసరా ఉండాలి కదా" అంటూ మేస్త్రి ఎక్కడికి వెళ్ళినా ఆ చెయ్యి తీయడు.

పొట్ట చేతపట్టుకుని వచ్చిన ఊళ్ళో పనులు ఆగిపోయి నెలలైంది. కంట్రాక్టరు బండి ఆగగానే జనం ముసిరారు.

"మేస్త్రీ, నువ్వొక్కడివే ఎక్కు."

"వస్తే ఇద్దరం."

"నాకే దిక్కులేదు, ఈ కుంటాయన్ని కూడా మేపమంటావా?"

"పని నేర్పుతున్నానండీ. మధ్యలో వదిలేస్తే ఎటూ కాకుండా పోతాడు."

తల నెరిసిన శిష్యుణ్ణి చూసి అడ్డా అంతా నవ్వింది. కాలు విరగకముందు అతనే పదిమందికి పని నేర్పినవాడు. అయినా అతనూ నవ్వాడు.

"సరే, ఒక మూల కట్టి చూపించండి. వంకర వచ్చిందా, ఇద్దరూ వచ్చిన దారినే."

పని జరిగే చోటికి చేరగానే మేస్త్రి ఇటుక అందుకుని, అరచేత్తో నిమిరి, సిమెంటు మీద కూర్చోబెట్టాడు. వరస పూర్తికాగానే పాఠం మొదలైంది.

"రసమట్టం పెట్టు. బుడగ ఎక్కడుందో చెప్పు."

"వీధి వైపు వెంట్రుకవాసి జరిగిందన్నా."

"మరేం చెయ్యాలి?"

"నీ కుడిచేతి కింది ఇటుకకి ఒక్క దెబ్బ."

మేస్త్రి తాపీ పిడితో కొట్టాడు. "ఇప్పుడో?"

"గీతల మధ్య కూర్చుంది."

"పర్లేదు, నీ బుర్రకి ఎక్కుతోంది."

మధ్యాహ్నానికి మూల లేచింది. కంట్రాక్టరు తూకపు గుండు వేలాడదీసి పైనుంచి కిందిదాకా చూశాడు. దారం ఎక్కడా తేడా చెప్పలేదు.

"వీడికి పాఠాలు చెప్పుకుంటూనే ఇంత నిటారుగా లేపావా? గోడలయ్యేదాకా ఇద్దరూ రండి."

సాయంత్రం గదిలో శిష్యుడు టీ గ్లాసు మేస్త్రి చేతిలో పెట్టి, వేళ్ళు బిగిశాకే వదిలాడు.

"నేను లేకపోతే నీ గతేంట్రా?"

"అడుక్కోవడమే అన్నా."

మేస్త్రి మీసం దువ్వుకుని, తృప్తిగా టీ చప్పరించాడు.

అడ్డా మీది నవ్వులూ, శిష్యుడన్న పేరూ నష్టం కింద రాసుకున్నా, ఆ రోజు అతనికి లాభమే మిగిలింది.

మేస్త్రికి చూపు పోతోందని ఇవాళ కూడా ఎవరూ కనిపెట్టలేదు.