దుప్పటి ఎత్తకు

ఆర్విడ్ మళ్ళీ బోను మీద కప్పిన దుప్పటి అంచు ఎత్తి లోపలికి తొంగిచూశాడు. అప్పుడే కునుకు పట్టిన కుక్కపిల్ల ఒక్క గెంతున లేచి అతని చొక్కా చేతిని కరిచి పట్టుకుంది.

"పడుకుందో లేదోనని..." అని నసిగాడు.

"పడుకుంది. నువ్వు లేపి మరీ కనుక్కున్నావుగా!" అంది భార్య మార్నా. "పొద్దున్నుంచీ మంచులో పొలమంతా పరిగెత్తించావు. నిద్ర చాలని పసిది కరవక ముద్దు పెడుతుందా? సాయంత్రానికి ఇది నెమ్మదించకపోతే అమ్మినవాళ్ళకే ఇచ్చేస్తానన్నాను, గుర్తుందా?"

"ఇంకో రౌండు తిప్పితే అలిసిపోయి..."

"అలిసిపోయే ఈ చిందులు! జీవితమంతా పాడి ఆవుల్ని సాకావు. ఏనాడైనా వాటి రెప్పలెత్తి చూశావా?"

ఆర్విడ్ కిటికీలోంచి ఖాళీ కొట్టం వైపు చూశాడు. "వాటితో ఆ అవసరం రాలేదు. నేను తలుపు తీస్తే చాలు, అన్నీ తలతిప్పి చూసేవి. వాటిని అమ్మేశాక నన్ను చూసి లేచేది ఇదొక్కటే."

కుక్కపిల్లను అమ్మినవాళ్ళకు చేద్దామని పట్టుకున్న ఫోన్‌ను మార్నా బల్లమీద పెట్టేసింది. బోను మీద దుప్పటి సర్ది, సోఫాలో తన పక్కన చోటు చూపించింది.

"కూర్చో. నిన్ను చూడ్డానికి నేను లేనూ? మళ్ళీ దుప్పటి ఎత్తావో, ఈసారి వెనక్కి పంపేది దాన్ని కాదు."